థీసిస్ పూర్తి చేద్దాం – 3: ఖాళీ పట్టికలో హారం

రెండో పాఠంలో మీ పరిశోధన ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయమన్నాను. చిత్తూరు దగ్గరి ఒక పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) పరిధిని ఉదాహరణగా తీసుకుని మనం రాసుకున్న వాక్యం ఇది: 30 ఏళ్లు నిండిన గ్రామస్థుల్లో రక్తపోటు ఉన్నవారెందరు, వారిలో ఆ సంగతి తెలిసినవారెందరు, తెలిసినవారిలో మాత్రలు తప్పకుండా వేసుకుంటున్నవారెందరు? ఈసరికే కొందరు ప్రశ్నావళి రాయడం మొదలుపెట్టి ఉంటారు. దాన్ని పక్కన పెట్టి ఒక తెల్లకాగితం, స్కేలు తీసుకోండి. ఈ పూట థీసిస్‌లో చివరికి రావలసిన పట్టికలను అంకెలు లేకుండా ముందే గీద్దాం.

ఎపిడెమియాలజీ (జనంలో జబ్బుల తీరును లెక్కగట్టే శాస్త్రం) పీజీ చేసే రోజుల్లో నేను ఈ పని చేయలేదు. 74 ప్రశ్నలు పట్టుకుని ఊళ్లమీద పడ్డాను. వంటగదికి కిటికీ ఉందా అని కూడా అడిగాను. చివరికి థీసిస్‌లో చోటు దొరికినవి 20 లోపే. మిగిలిన ప్రశ్నలకు ఓపిగ్గా జవాబు చెప్పిన ఆ ఇళ్లవారికి నేను ఇప్పటికీ బాకీయే.

మొదటి పట్టిక వయసు, ఆడ–మగ, చదువు, పని. ఇది ఏ పాత థీసిస్ తెరిచినా కనిపిస్తుంది, చూసి గీసుకోండి. చిక్కంతా రెండో పట్టికలో ఉంది. అందులో మూడు వరుసలు: రక్తపోటు ఉన్నవారు, తెలిసినవారు, మాత్రలు తప్పనివారు. ప్రతి వరుసకూ రెండు గళ్లు, ఒకటి లవానికి, ఒకటి హారానికి. ఇప్పుడు హారం గడిని మాటలతో నింపండి. మొదటి వరుసకు హారం బీపీ చూసిన అందరూ. రెండో వరుసకు రక్తపోటు ఉన్నవారు మాత్రమే. మూడో వరుసకు తమకు రక్తపోటు ఉందని తెలిసినవారు మాత్రమే. వరుస దిగే కొద్దీ హారం చిక్కిపోతోంది, గమనించారా?

మొదటి లవం దగ్గరే ఒక గొయ్యి ఉంది. రక్తపోటు ఉన్నవారంటే ఎవరు? పై అంకె 140 లేదా కింది అంకె 90, లేదా అంతకు మించి ఉన్నవారు అని రాసి ఊరుకుంటే సరిపోదు. ఐదేళ్లుగా మాత్రలు వేసుకుంటున్న ఒక అవ్వకు ఈ రోజు 126/80 వచ్చిందనుకోండి. మీ లెక్కలో ఆమెకు జబ్బే లేదు. మాత్ర బాగా పనిచేసినవారంతా ఇలా జారిపోతే, మీ ఊళ్లో వైద్యం ఎవరికీ పనిచేయడం లేదని మీ థీసిస్ తేల్చేస్తుంది. అందుకే నిర్వచనంలో 'లేదా రక్తపోటుకు మందు వాడుతున్నవారు' అన్న ముక్క తప్పనిసరి. దానితోపాటే ప్రశ్నావళిలోకి ఒక ప్రశ్న వచ్చి చేరింది. ప్రశ్నలు ఇలా పట్టికలోంచి పుట్టాలి.

ఇక నమూనా ఎంత, అంటే ఎంతమందిని చూడాలి? రక్తపోటు 20 శాతం మందిలో ఉంటుందని అనుకుందాం, 5 శాతం అటూ ఇటూ తేడాకు (అంటే 15 నుంచి 25 శాతానికి) ఒప్పుకుందాం. 95 శాతం విశ్వాసంతో, అంటే నూటికి 95 సార్లు అసలు అంకె ఆ తేడాలోపే ఉండేలా, నమూనా లెక్కకు వాడే మామూలు సూత్రంలో వేస్తే 246 మంది వస్తారు. చాలామంది ఇక్కడే పెన్ను మూసేస్తారు. మీరు ఆ 246ను పట్టికలో కిందికి దించండి. అందులో 20 శాతం అంటే 49 మంది. వారిలో సగం మందికే సంగతి తెలుసనుకుంటే మూడో వరుస హారం 25కు అటూ ఇటూ. పాతిక మందిని పట్టుకుని మండలం మాత్రలు మింగే తీరు చెప్పగలరా?

మూడో వరుసే మీకు ముఖ్యమైతే లెక్క అక్కడినుంచి పైకి కట్టాలి. 50 శాతం అంచనా, 10 శాతం తేడా పెట్టుకున్నా, తెలిసినవారే 97 మంది కావాలి. అంటే రక్తపోటు ఉన్నవారు 194, బీపీ చూడవలసినవారు 970. గ్రామాలను గుంపులుగా ఎంచుకుంటే ఇంకా పెరుగుతుంది, అది ఐదో పాఠంలో. ఒక్కరే తిరిగే విద్యార్థికి ఇది మోయలేని బరువు. పీహెచ్‌సీ రిజిస్టరులోని పేర్లనే తీసుకుంటే పని తేలికే, కానీ అప్పుడు హారం మారింది: ఆస్పత్రి గడప తొక్కినవారి గురించి మాత్రమే మాట్లాడగలరు. అలా మార్చుకోవడం తప్పు కాదు, మార్చి కూడా పాత శీర్షికే ఉంచడం తప్పు. నన్నడిగితే రిజిస్టరు దారే మేలంటాను. పూర్తయిన చిన్న థీసిస్ ముందు సగంలో ఆగిన పెద్దది ఎందుకూ కొరగాదు.

మూడో లవానికి ప్రశ్న ఎలా రాయాలి? 'మాత్రలు సక్రమంగా వేసుకుంటున్నారా?' అంటే ఎవరైనా అవుననే అంటారు, ఎదురుగా తెల్లకోటు ఉంటే మరీను. 'గత 7 రోజుల్లో ఎన్ని రోజులు మాత్ర తప్పింది?' అని అడగండి. శనివారం ఒక్కపొద్దు ఉండేవారు ఆ పూట మాత్ర కూడా మానేసి ఉండవచ్చు. దాన్ని వాళ్లు తప్పిపోవడంగా లెక్కవేయరు, విడిగా అడగాలి.

ఇళ్లకే వెళ్లేవారికి ఒక మాట. మామిడికాయల కాలంలో పగలు వెళితే తోటలకు, గుజ్జు ఫ్యాక్టరీలకు వెళ్లినవారు ఇంట్లో ఉండరు. తాళం ఉందని పక్కింటిని ఎంచుకున్నారో, మీ హారంలో ఇంటిపట్టున ఉండేవారే మిగులుతారు. పొద్దు పొడవకముందో దీపాలు పెట్టాకో మళ్లీ వెళ్లండి. ఎన్నిసార్లు వెళ్లినా దొరకనివారికి మొదటి పట్టిక అడుగున ఒక వరుస ఉంచండి.

నేపథ్యం రాసేటప్పుడూ ఇదే జాగ్రత్త. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత, అంటే 2019–21 నివేదికలో 'చిత్తూరు' అంటే పాత జిల్లా. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది, నెల్లూరు వైపు గూడూరు, సూళ్లూరుపేట అప్పట్లో అందులో కలిశాయి. మదనపల్లె అన్నమయ్య జిల్లాకు వెళ్లింది. ఆ అంకెను తెచ్చి నేటి చిత్తూరు జిల్లాకో తిరుపతి జిల్లాకో అంటిస్తే, వైవాలో (మౌఖిక పరీక్షలో) పరీక్షకుల మొదటి ప్రశ్న అదే కావచ్చు.

ఈ వారం పని: మీ ప్రశ్నకు ఈ రెండు ఖాళీ పట్టికలు గీయండి. హారాలను మాటల్లో రాయండి. ప్రశ్నావళిలో ఏ గడికీ చెందని ప్రశ్నలను కొట్టేయండి. కొట్టేయడానికి చేయి రాకపోతే కాగితం మీ గైడు ముందు పెట్టి, ఆ ప్రశ్న ఏ గడిలోకి వెళుతుందో మీరే వేలు పెట్టి చూపించే ప్రయత్నం చేయండి. వచ్చే పాఠంలో ఎథిక్స్ కమిటీకి పంపవలసిన తెలుగు సమ్మతి పత్రం రాద్దాం.