ఎక్స్-రే గదిలో సగం పని మీదే

నేను ఎక్స్-రే టెక్నీషియన్‌ని. గదిలోకి వచ్చేవాళ్లు మిషన్‌ని చూసి టెన్షన్ పడి నా మాట సగమే వింటారు. ఎక్స్-రే పాడై మళ్లీ తీయాల్సి వచ్చేది ఎక్కువగా అందుకే.

పైన వేలాడే ఆ పెట్టెలో గాలి తీసేసిన గొట్టం ఉంటుంది. బాగా వేడెక్కిన తీగ నుంచి ఎలక్ట్రాన్లు వేల వోల్టుల జోరుతో వెళ్లి టంగ్‌స్టన్ పలకను గుద్దుకుంటాయి. ఆ శక్తిలో 99 శాతం దాకా వేడిగానే పోతుంది, మిగిలిన కాస్తే ఎక్స్-రే. ఎముకలోని కాల్షియం దాన్ని ఆపుతుంది కాబట్టి ఎముక తెల్లగా పడుతుంది. గాలి నిండిన ఊపిరితిత్తులు నల్లగా పడతాయి. 1895లో ఎక్స్-రేలను కనిపెట్టిన రాంట్‌జెన్ తన భార్య చేతికి తీసిన ఎక్స్-రేలో ఎముకలతోపాటు ఉంగరం కూడా పడింది. ఇప్పటికీ మేము ఉంగరాలు, గొలుసులు తీయమనేది అందుకే.

గర్భం ఉన్నా, ఉందేమోనని అనుమానమున్నా ముందే చెప్పండి. అడిగేదాకా ఆగొద్దు.

ఛాతీ ఎక్స్-రేకి జుట్టు పైకి ముడేయండి. కొత్తలో ఒకమ్మాయి జడ భుజం మీద పడి ఉంటే నేను గమనించలేదు. ఊపిరితిత్తి పైభాగంలో పొడుగాటి నీడ! డాక్టర్ పిలిచి అడిగితే తెల్లమొహం వేశాను.

ఎక్స్-రే బొమ్మ పడే పలక ముందుంటుంది, ఛాతీని దానికి ఆనించి నిలబడండి. గుండె ముందువైపు ఉంటుంది కాబట్టి పలకకు దగ్గరైతే ఉన్న సైజులోనే పడుతుంది. గొట్టాన్ని 180 సెంటీమీటర్ల దూరాన పెట్టేదీ అందుకే. చేతులు నడుం మీద పెట్టి మోచేతులు ముందుకు తోయండి, భుజాల వెనక రెక్క ఎముకలు పక్కకు తప్పుకుంటాయి. ఇక ఊపిరి. పీల్చమనగానే భుజాలు ఎగరేస్తారు, గాలి మాత్రం కిందిదాకా వెళ్లదు. నిండా పీల్చి, నేను వదలమనేదాకా బిగపట్టండి. అరకొర ఊపిరితో తీస్తే గుండె లేనిపోని పెద్దదిగా కనిపిస్తుంది.

చెయ్యి, కాలు అయితే నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించండి. తీశాక మళ్లీ పక్కకు తిప్పమంటే విసుక్కోవద్దు. సన్నని చీలిక ఎదురుగా చూస్తే దొరక్కపోవచ్చు, పక్కనుంచి దొరుకుతుంది.

నేను గోడ వెనక్కి వెళ్తే మీకు భయం. ఛాతీ ఎక్స్-రే ఒకదానితో ఒంటికి తగిలే రేడియేషన్ డోసు సుమారు 0.1 మిల్లీసీవర్ట్ (రేడియేషన్‌ని కొలిచే లెక్క), ప్రకృతి నుంచి పది రోజుల్లో మనకు ఎలాగూ తగిలేంత. మీకది ఒక్కసారి. నాకు రోజంతా ఇదే పని. మిషన్ ఆగాక ఒంట్లో కిరణాలేవీ మిగలవు, లైటు ఆర్పినట్టే.

వెళ్లేముందు ఎక్స్-రే మీద మీ పేరు, కుడి ఎడమల గుర్తు చూసుకోండి. పాతవి ఉంటే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. మచ్చ నిరుటిదేనా, పెరిగిందా అన్నది రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది.