పాత బీఎండబ్ల్యూ, బెంజి చూడ్డానికి పొద్దున్నే వెళ్ళండి

విజయనగరంలో నా షెడ్డుకి వచ్చి తరచూ ఇదే అడుగుతారు: "అన్నా, 2012 బీఎండబ్ల్యూ 520డీ, కొత్త చిన్న కారు డబ్బులకే వస్తంది. తీసేసుకోమంటావా?"

బండి రేటు పడిపోయింది గానీ దాని సామాను రేటు పడలేదు. కొత్తలో యాభై లక్షల బండికి ఏ హెడ్‌లైట్ వేశారో, ఇవాళ పగిలినా అదే వెయ్యాలి. అందుకే బేరం కుదిరిన ధరలో పావు వంతు విడిగా చేతిలో ఉంటేనే ముందుకెళ్ళమంటాను. లేదంటే పాత టొయోటా కామ్రీ పెట్రోల్ చూసుకోండి, ప్రాణానికి సుఖం.

బండి చూడ్డానికి పొద్దున్న ఆరింటికే వెళ్ళండి. స్టార్ట్ చేసి ఉంచొద్దని ముందు రోజే చెప్పండి. మూడేళ్ళ కిందట మా బావమరిది కోసం ఇలాంటి బండే చూడ్డానికి బొబ్బిలి వెళ్ళేసరికి మధ్యాహ్నం అయిపోయింది. బానెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. ఇప్పుడే టీకి వెళ్ళొచ్చామన్నారు అమ్మేవాళ్ళు, నమ్మాను. ఇంటికి తెచ్చుకున్న మర్నాడు పొద్దున్న సెల్ఫ్ కొట్టగానే ఇంజన్ వెనకవైపు నుంచి గరగరమని గొలుసు ఈడ్చినట్టు చప్పుడు. రెండు మూడు సెకన్లే, తర్వాత నిశ్శబ్దం. ఇంజన్ వేడిగా ఉంటే ఆ చప్పుడు వినపడదు. అది టైమింగ్ చైన్, అంటే ఇంజన్‌లో వాల్వులు సమయానికి తెరుచుకునేలా తిప్పే గొలుసు. 520డీలో వచ్చిన ఎన్47 ఇంజన్‌కీ, బెంజి ఈ250 సీడీఐలో వచ్చిన ఓఎం651కీ ఆ చైన్ ముందు వైపు ఉండదు, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. మార్చాలంటే పెద్ద పని, ఇంజన్ దింపాల్సి రావచ్చు. తెగిందా, వాల్వులూ పిస్టన్లూ కొట్టుకుని ఇంజనే పోతుంది. బావమరిది దాచుకున్న డబ్బు దానికే పోయింది. ఆ బాధ నాకింకా ఉంది. అందుకే ఇప్పుడు బానెట్ వెచ్చగా ఉంటే బండి చూడను, మరో రోజు వస్తానని చెప్పి వచ్చేస్తాను.

తర్వాత నీళ్ళు. మన తీరం 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపాన్లు చూసింది. బయటి ఊళ్ళలో వరదల్లో మునిగిన బళ్ళు కూడా కడిగించుకుని ఇటు వస్తాయి. సీటుబెల్టు చివరిదాకా లాగి చూడండి, లోపలి మడతలో బురద గీత దాక్కుంటుంది. డిక్కీ కార్పెట్ ఎత్తండి. ఐదో సిరీస్‌లో బ్యాటరీ అక్కడే ఉంటుంది, చెమ్మ కనిపిస్తే వదిలెయ్యండి. కళింగపట్నం, భీమిలి లాంటి సముద్రం ఒడ్డున తిరిగిన బండైతే కింద పడుకుని టార్చి వేసి తుప్పు చూడాలి. ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగుల బదులు గాలి తిత్తులు) ఉంటే రాత్రంతా నిలిపిన బండి ఒక మూల కుంగిందేమో గమనించండి.

నడపడానికి ఊళ్ళో గంటస్తంభం చుట్టూ తిప్పితే ఏమీ తెలీదు. సాలూరు దాటి పి.కోనవలస ఘాట్ ఎక్కించండి. ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు, గేరు మారేటప్పుడు కుదుపు చూడండి. దిగేటప్పుడు బ్రేకు నొక్కితే స్టీరింగ్ వణికిందంటే డిస్కులు వంకరపోయాయని అనుమానించండి. ఏసీ మొత్తం సేపూ ఆన్‌లోనే ఉంచండి.

ఆ బండికి సరిపడే స్కానర్ (బండి కంప్యూటర్లు చదివే మిషను) ఉన్నవాళ్ళ దగ్గర ఒక్కసారి పెట్టించండి. ఆ కాసిన్ని డబ్బుల కోసం వెనకాడితే ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడినట్టే. మీటర్ తిప్పేసినా కొన్ని బళ్ళలో వేరే మాడ్యూల్స్‌లో (బండిలోని చిన్న కంప్యూటర్లలో) అసలు కిలోమీటర్లు మిగిలే ఉంటాయి. టైరు మీద నాలుగంకెలు కూడా చదవండి: 2319 అంటే 2019లో 23వ వారం తయారీ.

పేపర్లలో ఉన్న ఛాసిస్ నంబరూ, బండి మీద కొట్టిన నంబరూ ఒకటేనా అని మీ కళ్ళతో సరిచూసుకోండి. సొంత కారు ఆర్సీ పదిహేనేళ్ళు, తర్వాత రెన్యువల్ ఐదేళ్ళకోసారి. అంటే 2012 బండికి 2027లోనే ఆ ఖర్చు. తెలంగాణ, ఒడిశా బండైతే అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఉండాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ మొత్తం ఎంతో ఆర్టీఓ ఆఫీసులో ముందే కనుక్కుని బేరంలో తగ్గించుకోండి. ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిందని చూపే ఫారం 35 చేతికి వచ్చేదాకా, బండిని మీ పేరుకి మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు పడేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి.