ఇండెక్స్ ఫండ్ కొనే ముందు నేను చూసుకునేవి

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో ఇరవై రెండేళ్లుగా గుమాస్తాగా లెక్కలు రాస్తున్నాను. ధర పెరుగుతుందని టిక్కీలను (మిర్చి బస్తాలను) కోల్డ్ స్టోరేజీలో పెట్టి నష్టపోయిన రైతును చూశాను. అలాగే పెట్టి మరో ఏడాది లాభపడిన రైతునూ చూశాను. వచ్చే నెల తేజ రకం మిర్చి క్వింటా ఎంత పలుకుతుందో యార్డులో తలపండినవాళ్లే చెప్పలేరు. అలాంటిది ఏ కంపెనీ షేరు పెరుగుతుందో నేనెలా చెప్పగలను? అందుకే ఇండెక్స్ ఫండ్ వైపు వచ్చాను. ఇందులో ఆ అంచనా ఎవరూ వేయక్కర్లేదు.

ఇండెక్స్ అంటే ఒక జాబితా. నిఫ్టీ 50లో 50 పెద్ద కంపెనీలుంటాయి, సెన్సెక్స్‌లో 30. జాబితాలో ఏ కంపెనీకి ఎంత వాటా ఉంటే, ఫండ్ వాళ్లు మన డబ్బుతో ఆ షేరు అంతే కొంటారు. వాటాలు సమానంగా ఉండవు. ప్రమోటర్ల, అంటే కంపెనీని నడిపే యజమానుల, చేతిలోవి పక్కన పెట్టి, మార్కెట్లో చేతులు మారే షేర్ల విలువను బట్టి లెక్క కడతారు. నిఫ్టీలో బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలదే దాదాపు మూడో వంతు. జాబితాను ఆరు నెలలకోసారి సరిచూస్తారు, అవసరమైతే మధ్యలోనూ మారుస్తారు. సత్యం కంప్యూటర్స్ మోసం బయటపడిన 2009 జనవరిలోనే ఆ కంపెనీని నిఫ్టీ నుంచి తీసేశారు. ఆ షేరొక్కటే నమ్ముకున్నవాళ్లకు తగిలిన దెబ్బతో పోలిస్తే, నిఫ్టీ మొత్తం కొన్నవాళ్లకు తగిలింది చాలా చిన్నది.

అయినా మొత్తంగా మార్కెట్టే పడితే ఇదీ పడుతుంది. 2008లో జనవరి నుంచి అక్టోబరు లోపు నిఫ్టీ సగానికి పైగా పోయింది. 2020 జనవరిలో 12,000 పైన ఉన్నది మార్చి 23న 7,610 దగ్గర ముగిసింది. అప్పుడు యార్డు మూతపడింది, జీతం వస్తుందో రాదో తెలియదు. "ఉన్నకాడికి తీసేద్దామండీ" అంది మా ఆవిడ. ఆరు నెలల ఇంటి ఖర్చు పోస్టాఫీసులో విడిగా ఉండబట్టి ఆ టెన్షన్‌లోనూ తీయలేదు. నవంబరుకల్లా నిఫ్టీ పాత గరిష్ఠాన్ని దాటింది. ప్రతిసారీ ఇంత త్వరగా కోలుకుంటుందని మాత్రం అనుకోవద్దు. రెండు మూడేళ్లలో పిల్ల పెళ్లికో, కాలేజీ ఫీజుకో కావాల్సిన డబ్బు ఇందులో పెట్టకండి. కనీసం ఏడేళ్లు ముట్టుకోనిదైతేనే పెట్టండి.

ఇక ఏ ఫండ్ అంటారా? అన్ని నిఫ్టీ ఫండ్లూ కొనేది అవే షేర్లు కాబట్టి ముందు ఖర్చు చూడాలి. ఫండ్ వాళ్లు ఏటా మన డబ్బులోంచి తీసుకునే ఈ ఖర్చు శాతాన్ని ఎక్స్‌పెన్స్ రేషియో అంటారు. నేను మొదట్లో ఒక ఏజెంటు చెప్పిన రెగ్యులర్ ప్లాన్ తీసుకున్నాను. అందులో ఆయన కమీషన్ కలిసే ఉంటుందని రెండేళ్లకు గానీ తెలియలేదు. ఏజెంటు లేకుండా నేరుగా కొనే డైరెక్ట్ ప్లాన్‌లో అది ఉండదు. ఐదు లక్షల మీద 0.2 శాతమైతే ఏడాదికి వెయ్యి రూపాయలు, 0.8 శాతమైతే నాలుగు వేలు. అదీ ఏటేటా పోయే డబ్బు. తర్వాత డైరెక్ట్‌కు మారాలన్నా, పాతది అమ్మి కొత్తది కొన్నట్టే లెక్క కాబట్టి లాభం మీద పన్ను పడొచ్చు. మొదటే సరిగా తీసుకోండి. రెండోది ట్రాకింగ్ డిఫరెన్స్, అంటే డివిడెండ్లతో కలిపి నిఫ్టీ ఇచ్చిన రాబడికీ ఫండ్ ఇచ్చినదానికీ ఉన్న తేడా. అది ఎంత తక్కువుంటే అంత మంచిది. ఆప్షన్ అడిగితే గ్రోత్ పెట్టండి, అందులో లాభం మధ్యలో చేతికి రాకుండా ఫండ్‌లోనే ఉండి పెరుగుతుంది.

పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా ఉంటే ఫండ్ కంపెనీ సైట్లోనే కేవైసీ చేసుకుని సిప్ (నెలనెలా కొంత డబ్బు ఫండ్‌లో పెట్టడం) మొదలుపెట్టొచ్చు. జీతం పడిన రెండు మూడు రోజులకు తేదీ పెట్టుకుంటే ఇబ్బంది ఉండదు. నాది 7వ తేదీ.

ఏడాది దాటాక అమ్మితే, ఒక ఆర్థిక సంవత్సరంలో 1.25 లక్షల లాభం దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. ఏడాది లోపైతే 20 శాతం. 2024 జులై 23 నుంచి ఇవే రేట్లు.

నామినీ పేరు మాత్రం మరిచిపోవద్దు. నేను మా ఆవిడ పేరు పెట్టి, ఫోలియో నంబరు (ఫండ్‌లో మన ఖాతా నంబరు) కాగితం మీద రాసి, పొలం పాస్‌బుక్కు ఉన్న బీరువాలోనే ఉంచాను. ఎక్కడుందో ఆమెకు చూపించాను కూడా.