ఉద్యోగం చేస్తూనే రోజూ కరెంట్ అఫైర్స్ నోట్సు

బెంగళూరు మారతహళ్లిలో పీజీ హాస్టల్లో ఉంటూ, ఉద్యోగం చేసుకుంటూ గ్రూప్స్‌కి చదివే మనవాళ్లకి నేను చెప్పేది ఇదే. పొద్దున ఒక తెలుగు పేపరు, రాత్రి పీఐబీ (కేంద్ర ప్రభుత్వ ప్రకటనలు వచ్చే సైటు). అవి చాలు. గంటల తరబడి వీడియోలు చూస్తే చదివినట్టే ఉంటుంది కానీ పరీక్ష హాల్లో ఏదీ గుర్తురాదు.

పేజీ మధ్యలో గీత కొట్టండి. ఎడమవైపు వార్త, కుడివైపు దాని నేపథ్యం. 2024 అక్టోబరులో మరాఠీ, పాళీ, ప్రాకృతం, అస్సామీ, బెంగాలీలకు ప్రాచీన భాష హోదా వచ్చింది కదా. ఆ ఐదు పేర్లు రాసి ఊరుకోవద్దు. కుడివైపు 2004 తమిళం, 2005 సంస్కృతం, 2008 తెలుగు, కన్నడ, 2013 మలయాళం, 2014 ఒడియా, మొత్తం 11 అని వేయండి. నా లెక్కలో అసలు సరుకు ఈ కుడివైపుదే.

రెపో రేటు, అంటే బ్యాంకులకిచ్చే అప్పుపై ఆర్‌బీఐ తీసుకునే వడ్డీ, మారుతూ ఉంటుంది, పెన్సిల్‌తో రాయండి. దాన్ని నిర్ణయించే ద్రవ్య పరపతి విధాన కమిటీలో ఆరుగురు సభ్యులు, ద్రవ్యోల్బణ లక్ష్యం 4 శాతం, అటూ ఇటూ 2 శాతం. ఇవి పెన్నుతో.

అవార్డులు, సూచీలు ఆదివారం చూసుకోవచ్చు. సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ఎలాగూ ఆగుతుంది. అప్పుడు నిన్నటి పేజీలో కుడివైపు చేత్తో మూసి, ఎడమవైపు చూస్తూ ఒప్పజెప్పుకోండి.