గ్రంథాలయ పుస్తకాలకు ప్లాస్టిక్ అట్ట వేసేటప్పుడు

తిరుపతిలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు పడే రోజుల్లో గ్రంథాలయ పుస్తకాలకు ప్లాస్టిక్ అట్టలు వేయవలసి వస్తే, ముందుగా పుస్తకాలను ఫ్యాను గాలికి పూర్తిగా ఆరనివ్వండి. చెమ్మ లోపలే చిక్కుకుంటే బూజు పడుతుంది. పీవీసీ షీటు చౌకగా దొరికినా దయచేసి వాడకండి. మెత్తదనం కోసం అందులో కలిపిన రసాయనాలు కాలక్రమంలో బయటికి రావడంతో షీటు జిగటబారి, పుస్తకం అట్ట మీది అచ్చును తనకు అంటించుకుంటుంది. పాలిప్రొపిలీన్ లేదా పాలియెస్టర్ షీటు ఎంతో మేలు. సెల్లో టేపును ప్లాస్టిక్ మడతల మీదే అంటించాలి. అది పుస్తకానికి తగిలితే కొన్నేళ్లకు జిగురు పసుపు మరకగా కాగితంలోకి ఇంకిపోతుంది, ఆ మరకను వదిలించడం చాలా కష్టం. కొలతను పుస్తకం మూసి ఉంచే తీసుకోండి, లేకుంటే షీటు బిగిసి అట్టలు సరిగా మూసుకోవు.