బీపీ, క్యాన్సర్ పరీక్షల శిబిరం పెడుతున్నారా? ముందు డాక్టరు టైము తీసుకోండి

శిబిరం అనగానే అందరూ టెంటు, కుర్చీలు, బ్యానర్ దగ్గర మొదలుపెడతారు. మీరు మాత్రం ముందు ఒక డాక్టరు దగ్గరికి వెళ్లి, "బీపీ ఎక్కువ వచ్చినవాళ్లను, పరీక్షలో తేడా కనిపించినవాళ్లను పంపితే ఏ రోజు చూస్తారు?" అని అడగండి. ఆ రోజు ఖాయమయ్యాకే శిబిరం తేదీ పెట్టండి. చూసేవాళ్లు లేకుండా పరీక్షలు చేస్తే మనిషికి టెన్షన్ పంచి ఇంటికి పంపినట్టే.

బీపీ దగ్గర తప్పులు ఎక్కువ. మనిషి ఆయాసపడుతూ వస్తాడు, చొక్కా మీదే పట్టీ చుట్టేస్తారు, అది బిగుసుకుంటుండగానే పేరు, వయసు అడుగుతుంటారు. ఆ అంకెను నమ్మకండి. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోనివ్వండి, వీపు కుర్చీకి, పాదాలు నేలకు ఆని ఉండాలి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి, ఎవరూ మాట్లాడకూడదు. లావు చేతికి చిన్న పట్టీ వేస్తే లేని బీపీ చూపిస్తుంది, పెద్దది ఒకటి తప్పకుండా ఉంచుకోండి. నిమిషం ఆగి మళ్లీ చూసి రెండు అంకెలూ రాయండి. 140/90 వచ్చినా ఆ ఒక్కరోజుతో తేల్చేయకండి, ఇంకో రోజు చూడాలి. 180/120 దాటి ఛాతీలో నొప్పో, మాట తడబడటమో ఉంటే మాత్రం వెంటనే ఆసుపత్రికి పంపాలి.

జనం ఎలాగూ వచ్చే చోటే పెట్టండి. లాస్ ఏంజెలెస్‌లో నల్లజాతి మగవాళ్లు వెళ్లే సెలూన్లలో ఒక అధ్యయనం చేసి 2018లో ఫలితాలు ప్రచురించారు. ఫార్మసిస్టే సెలూన్‌కి వచ్చి మందులిస్తూ వదలకుండా చూసిన చోట ఆరు నెలల్లో పై బీపీ సగటున 27 పాయింట్లు తగ్గింది. డాక్టరు దగ్గరికి వెళ్లమని చెప్పి ఊరుకున్న చోట 9 మాత్రమే.

క్యాన్సర్లన్నిటికీ ఒకే పరీక్ష ఉండదు, అలా ప్రచారం చేయకండి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు 30 ఏళ్లు దాటిన మహిళలకు హెచ్‌పీవీ (ఈ క్యాన్సర్‌ తెచ్చే వైరస్) పరీక్ష ఉంది, నమూనా తెర చాటున తామే తీసుకోవచ్చు. సిగ్గుతో వెనక్కి తగ్గేవాళ్లకు ఈ ఒక్క మాట ధైర్యం ఇస్తుంది. పెద్దపేగు క్యాన్సర్‌కైతే మలంలో రక్తం ఉందేమో చూసే కిట్ ఇంటికే ఇచ్చి పంపొచ్చు. పాజిటివ్ వస్తే క్యాన్సర్ ఉన్నట్టు కాదనీ, తర్వాతి పరీక్ష మాత్రం మానకూడదనీ నమూనా తీసుకోకముందే చెప్పండి.

ఒక నోట్‌బుక్‌లో పేరు, ఫోన్, ఫలితం, డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన తేదీ, వెళ్లారా లేదా అని గీతలు గీసుకోండి. అది ఒక్కరి దగ్గరే ఉండాలి, పదిమంది చూసేలా పడేయకూడదు. వారం తర్వాత ఆ ఒక్కరే అందరికీ ఫోన్ చేయాలి. వెళ్లలేదంటే కోప్పడకుండా ఎందుకు కుదరలేదో కనుక్కుని, తోడు కావాలంటే ఒకరిని పంపండి.