ఇంగ్లీషు షరతు వాక్యాలు, 7వ పాఠం: ‘వస్తే’ వేరు, ‘వస్తాడో లేదో’ వేరు

ఈ పాఠంలో వుడ్ మొదలుపెట్టాల్సింది. మీ జవాబులు చూశాక ఆగాను. ‘ఇఫ్ పక్కన విల్ పెట్టొద్దు’ అని కిందటిసారి గట్టిగా చెప్పాను కదా, చాలామంది ఇఫ్ కనబడ్డ ప్రతిచోటా విల్ కొట్టేశారు. నేను అంతటితో వదిలేయకుండా ఉండాల్సింది.

‘వాడు వస్తాడో లేదో తెలీదు’ అన్నదానికి ఎక్కువమంది ‘ఐ డోంట్ నో ఇఫ్ హి కమ్స్’ అని రాశారు. అక్కడ ‘ఇఫ్ హి విల్ కమ్’ అనే అనాలి. అది షరతు కాదు, సందేహం. ఇఫ్ తీసి వెదర్ పెట్టినా వాక్యం నిలబడుతుంది. వ్యాకరణ పుస్తకాలు చెప్పే పరీక్ష అదే. నేనైతే అంత దూరం వెళ్లను, తెలుగులోనే తేల్చుకుంటాను. ‘పడితే, వస్తే, ఇస్తే’ అని ‘తే’ వినబడితే విల్ వద్దు. ‘వస్తుందో రాదో, ఇస్తారో ఇవ్వరో’ అని ‘ఓ’ వినబడితే, జరగబోయే పనికి విల్ కావాలి.

‘బస్సు వస్తుందో రాదో తెలీదు, వస్తే ఎక్కేస్తా.’ ఇందులో రెండూ ఉన్నాయి. ‘ఐ డోంట్ నో ఇఫ్ ద బస్ విల్ కమ్. ఇఫ్ ఇట్ కమ్స్, ఐ విల్ గెట్ ఆన్.’

‘అప్పు ఇస్తారో ఇవ్వరో’: ఇఫ్ దే విల్ గివ్ ద లోన్. ‘ఇస్తే కొంటాం’: ఇఫ్ దే గివ్ ద లోన్.

వెన్‌ కూడా ఇంతే. ‘ఎప్పుడొస్తాడో తెలీదు’ అంటే వెన్ హి విల్ కమ్. ‘వచ్చినప్పుడు చెప్తా’ అంటే వెన్ హి కమ్స్. ‘వెన్ హి విల్ కమ్, ఐ విల్ టెల్ హిమ్’ అని ఆఫీసు మెయిళ్లలో చూసినప్పుడల్లా నాకు ప్రాణం చివుక్కుమంటుంది.

మర్యాదకు అనే ‘ఇఫ్ యు విల్ వెయిట్’ సంగతి ఇప్పుడొద్దు.

వుడ్ గురించి ఒక్క ముక్క. ‘డబ్బుంటే కొంటాను’, ‘డబ్బుంటే కొనేవాణ్ణి’. మనకు ‘డబ్బుంటే’ మారలేదు, చివరి క్రియ ఒక్కటే మారింది. ఇంగ్లీషులో రెండు వైపులా మారాలి: ‘ఇఫ్ ఐ హావ్ ద మనీ, ఐ విల్ బై ఇట్’, ‘ఇఫ్ ఐ హాడ్ ద మనీ, ఐ వుడ్ బై ఇట్’. ఈ హాడ్ నిన్నటి సంగతి చెప్పడం లేదు. ఇప్పుడు చేతిలో డబ్బు లేదంటోంది.

అభ్యాసం: ఇవాళ ఇంట్లో, బస్సులో, ఫోన్లో మీ చెవినపడ్డ ‘తే’, ‘ఓ’ వాక్యాలు 20 రాసుకోండి. కల్పించి రాయొద్దు. ముందు తెలుగు వాక్యం, దాని కింద ఇంగ్లీషు. ‘కొనేవాణ్ణి, వెళ్లేదాన్ని’ లాంటివి దొరికితే ఇంగ్లీషు చేయకుండా విడిగా ఉంచండి. 8వ పాఠం వాటితోనే మొదలవుతుంది.